తెల్లచీర అంచు మీద జీడి చుక్క

లాండ్రీ పెట్టాలనుకునే యువకులు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తుంటారు. వచ్చిన ప్రతివాడి చేతిలోనూ ఒక నోటుపుస్తకం ఉంటుంది. ఏ మరకకు ఏ మందో రాసుకుపోదామని ఆశ. చెప్తాను. చెప్పడానికి అరగంట చాలు. రక్తానికి చన్నీళ్లు. తుప్పుకు నిమ్మరసం, ఉప్పు, ఎండ. నూనెకు సుద్దపొడి. పసుపుకు సబ్బు, ఆ తర్వాత ఓపిక. ఇంతవరకు రాసుకుని వాళ్లు సంతోషంగా లేస్తారు. నేను చెప్పదలచుకున్నది అప్పటికింకా మొదలై ఉండదు.

అందుకే ఇది రాస్తున్నాను. మందుల పట్టీ కోసం చదివేవాళ్లు ఇక్కడే ఆపేయవచ్చు.

మాది చాకలి కుటుంబం. మా నాన్న విడవలూరు వైపు ఒక ఊళ్లో ఇరవై ఇళ్లకు ఉతికేవాడు. ఆయన ఏ ఇంటి గడపా దాటి లోపలికి పోలేదు. మూటను వాకిట్లో పెట్టించుకుని, వాకిట్లోనే అప్పగించేవాడు. ఆ వాకిళ్ల మీద కోపంతోనే నేను చదువుకున్నాను. ఆ కోపంతోనే నెల్లూరు వచ్చి, యాభైలు ముగిసే కాలంలో ఒక లాండ్రీలో చేరాను. పగలు బట్టలు, సాయంత్రం పఠనాలయంలో చర్చలు. దేవుడు, కర్మ, కులం, జాతకం, ఏ విషయం మీదైనా సరే లేచి నిలబడి మాట్లాడేవాణ్ణి. బాగానే మాట్లాడేవాణ్ణి. ఆ సంగతి కూడా ఈ కథలో ఒక భాగమే.

గుడ్డు, వేడినీళ్లు

మా ఓనరు సుబ్బరామయ్య గారు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ముక్కుపొడుం పీలుస్తూ ఉండేవారు. కొత్తగా చేరినవాడికి ఆయన మొదట నేర్పేది బట్టను తిరగేసి చూడడం. మరక ఎంత లోతుకు దిగిందో వెనకవైపే తెలుస్తుంది. ఏ మందైనా ముందు మడతలో, ఎవరికీ కనపడని చోట ఒక చుక్క వేసి చూడాలి. రుద్దకూడదు, అద్దాలి. బయటి నుంచి నడిమికి రావాలి, నడిమి నుంచి బయటికి పోతే మరక పెద్దదవుతుంది. ఈ నాలుగు మాటలకు ఆయనకు నేను జీవితాంతం రుణపడి ఉన్నాను.

చేరిన నెలలోనే ఒక రైతు పంచె వచ్చింది. కోతల్లో కొడవలి తగిలి పిక్క తెగిందట, పంచె నిండా రక్తం. నేను కాగుతున్న నీళ్లు ఉత్సాహంగా తెచ్చి పోశాను. మా ఇంట్లో మురికి అంటే చౌడు మట్టి కలిపి బానలో ఉడకబెట్టడమే. ఎంత వేడి ఉంటే అంత శుభ్రం అనుకున్నాను. రక్తం గోధుమరంగుకు తిరిగి గుడ్డలో కూర్చుంది. మరి లేవలేదు.

సుబ్బరామయ్య గారు పంచె చూసి, పొడుం డబ్బీ మూత మూసి అడిగారు.

"గుడ్డును వేడినీళ్లలో వేస్తే ఏమవుతాది?"

"ఉడుకుతుంది."

"గట్టిపడతాది. రక్తం కూడా అంతే. నువ్వు మరక తియ్యలేదబ్బయా, వండినావు."

ఆ మాట ఇంటికి వెళ్లి మా అమ్మతో చెప్పాను, ఏదో కొత్త శాస్త్రం కనిపెట్టినవాడిలా. ఆమె బియ్యం ఏరుతూ తల కూడా ఎత్తలేదు.

"నన్నడిగుంటే చెప్పేదాన్ని కదరా. రక్తం సంగతి ఆడదానికి తెలియదా?"

ఆమె ముప్పై ఏళ్లుగా ఊళ్లో ఆడవాళ్ల మైల బట్టలు చన్నీళ్లలో జాడిస్తూనే ఉంది. నేను ఆమెను అడగాలనుకోలేదు. ఆమె దిష్టి తీసేది, శకునం చూసేది కాబట్టి ఆమెకు తెలిసిందంతా మూఢత్వమే అనుకున్నాను. ఒక మనిషి పది విషయాల్లో పొరబడితే పదకొండోది కూడా తప్పే అయి ఉంటుందనుకోవడం హేతువాదం కాదు, బద్ధకం. అది నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

రక్తం కక్కిన చీర

తోటపల్లి గూడూరు వైపు నుంచి ఒక రైతు వచ్చాడు. పెళ్లాం చీర తువ్వాల్లో చుట్టుకుని, వేలికొసలతో పట్టుకుని తెచ్చాడు. పసుపు మరకకు ఇంట్లో సబ్బు పెట్టగానే చీర ఎర్రబడిందట.

"చీర రక్తం కక్కతా ఉంది సామీ. మా దాయాది ఏందో చేయించినాడు."

నాకు పండగే అయింది. దుకాణంలో ఐదారుగురున్నారు. అందరినీ దగ్గరికి పిలిచాను. అరచేతిలో పసుపు వేసి, కొంచెం సున్నం కలిపి ఎర్రగా చేసి చూపించాను. "ఇదిగో, నా అరచేతికి కూడా మీ దాయాది చేతబడి చేసినాడు" అన్నాను. అందరూ నవ్వారు. సబ్బులోని క్షారం తగిలితే పసుపు ఎర్రబడుతుందనీ, కడిగేస్తే మళ్లీ పచ్చబడుతుందనీ, దానికి మంత్రగాడెందుకనీ ఒక చిన్న ఉపన్యాసం ఇచ్చాను. ఆ మనిషి ముఖం మాడిపోయింది. చీర తీసుకుని వెళ్లిపోయాడు.

సుబ్బరామయ్య గారు లోపలి నుంచి అడిగారు.

"మరక పోయిందా?"

"మూఢనమ్మకం పోయిందండీ."

"నేనడిగింది మరక."

పోలేదు. పసుపుకు సబ్బు తర్వాత కావలసింది రెండు పూటల ఎండ. ఆ మనిషి చేత చీర అక్కడ పెట్టించుకుని ఆ రెండు పూటలూ ఆరేసి ఉంటే, పచ్చదనం దానంతటదే ఎగిరిపోవడం ఆయన తన కళ్లతో చూసేవాడు. నా అరచేయి కన్నా ఆ ఎండ బాగా వాదించేది. నెగ్గడం మీద ఉన్న శ్రద్ధ నాకు మరక మీద లేకపోయింది. ఆయన మళ్లీ మా దుకాణం మెట్లెక్కలేదు. దాయాదిని అనుమానించడం మానాడో లేదో నాకు తెలియదు.

ఇది నా తప్పుల్లో చిన్నది.

రెండు తొట్లు

ఇప్పుడు బట్టకు కాగితం చీటీ కడుతున్నారు. అప్పుడు జీడి గుర్తు పెట్టేవాళ్లం. నల్లజీడి గింజను సూదితో పొడిస్తే చిక్కటి రసం వస్తుంది. దానితో గుడ్డ మూలనో, కాలరు లోపలనో గీతలు గీసి, పైన తడి సున్నం అద్దితే నల్లగా మారుతుంది. ఒక్కో ఇంటికి ఒక్కో గుర్తు. రెండు గీతలు ఒక ఇల్లు, కొక్కెం ఒక ఇల్లు, గీత మీద అడ్డగీత ఇంకో ఇల్లు. ఆ నలుపు ఏ సబ్బుకూ పోదు. గుడ్డ చిరుగుతుంది గాని గుర్తు చెదరదు. మరకలు తీసే దుకాణంలో మొదటి పని, తీయలేని మరక ఒకటి వేయడం. ఆ పని నాది. నా చేతిరాత బాగుంటుందని నాకు అప్పగించారు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా వైపు ఊళ్లలో చాకలి అందరికీ ఉతికేవాడు కాదు. అప్పట్లో హరిజనవాడ అనేవాళ్లు, అక్కడి బట్టలు ముట్టేవాడు కాదు. మా నాన్న కూడా ముట్టలేదు. తనను వాకిట్లో నిలబెట్టినవాళ్ల మీద ఆయనకు ఫిర్యాదు ఉండేది. తను ఎవరిని ఎక్కడ నిలబెట్టాడో ఆయన లెక్కలోకి రాలేదు.

పట్నంలో లాండ్రీ వచ్చాక ఈ పద్ధతి సాగదు. ఎవరు తెచ్చినా తీసుకోవలసిందే. అందరి బట్టలూ తీసుకుంటున్నామని సుబ్బరామయ్య గారు గర్వంగా చెప్పుకునేవారు. తీసుకునేవారు కూడా. కాని దొడ్లో రెండు తొట్లుండేవి. వాడల నుంచి వచ్చినవి, వాడల్లో పుట్టి చదువుకుని ఉద్యోగాలు చేస్తున్నవాళ్లవి, రెండో తొట్టిలోకి పోవాలి. ఉతికేవాడికి తెలియడానికి ఇంటి గుర్తు కింద ఒక చుక్క పెట్టాలి.

చేరిన కొత్తలో ఒకసారి అడిగాను.

"ఈ చుక్క ఎందుకండీ? నీళ్లు అవే, సబ్బు అదే."

"నాకేం పట్టింపు లేదబ్బయా. గిరాకీలకుంది. వాళ్లు అడిగితే చూపించడానికి రెండు తొట్లుండాల. నీ ఉపన్యాసాలు సాయంత్రం కదా, పగలు చుక్క పెట్టు."

పెట్టాను. ఎనిమిదేళ్లు పెట్టాను. సాయంత్రం పఠనాలయంలో కులం మనుషులు కల్పించుకున్నదనీ, ప్రకృతిలో దాని ఆనవాలు లేదనీ చెప్పేవాణ్ణి. ఆనవాలు పగలు నేనే వేస్తున్నాను. నీళ్లకు తెలియని తేడా, సబ్బుకు తెలియని తేడా నా చుక్కకు తెలుసు.

ఇంకొక మాట కూడా దాచను. పనివాళ్ల బట్టలకూ చుక్కేనని ఓనరు నియమం. మేం కూడా రెండో తొట్టే. అందుకని నా చొక్కాలు నేను దుకాణంలో వేసేవాణ్ణి కాదు, ఇంట్లో ఉతుక్కునేవాణ్ణి. అడిగితే అలవాటు అనేవాణ్ణి.

కాలరు తిప్పి చూసిన మనిషి

దీవెనమ్మ ఒక ఆసుపత్రిలో నర్సు. వాళ్ల ఆసుపత్రి బట్టలన్నీ మా దుకాణానికే వచ్చేవి. ఇందుకూరుపేట అవతల, మైపాడు దారిలో వాళ్ల వాడ. తల్లి నాట్లకు పోయి చదివించింది. ఆమె ఒక తెల్ల నూలుచీర తెచ్చి బల్ల మీద పరిచింది.

"మా అమ్మ పెళ్లిచీర అన్నా. ఈ చీరతోనే ఏసయ్య గుళ్లో ప్రమాణం చేసింది. ఇరవై ఐదేళ్లు ఇనప్పెట్టెలో దాచింది. చూడండి."

మడత మడతకూ ఇటుకరంగు తుప్పు. సముద్రపు గాలి తగిలే ఊళ్లో ఇనప్పెట్టె ఏం చేస్తుందో అదే చేసింది.

"నా పెళ్లికి ఇదే కట్టుకుంటా. పైనెల మొదటి వారం. పోతాదా?"

"పోతుందమ్మా. నా పూచీ."

పూచీ నిలబెట్టుకున్నాను. నా చేతిలో అంత మంచి పని మరొకటి జరగలేదు. ఒక్కో మచ్చ కింద గిన్నె బోర్లించి, ఉప్పు రాసి, నిమ్మరసం చుక్కచుక్కగా వేసి, ఎండలో పెట్టి, ఆరకముందే కడిగి, మళ్లీ మొదటికి. పాత నూలు, తొందరపడితే చిల్లు పడుతుంది. వారం పట్టింది. చివరికి చీర తెల్లగా, కొత్త గంజితో, నీలిమందు మెరుపుతో నిలబడింది. సుబ్బరామయ్య గారు తిరగేసి చూసి, "ఇది పనంటే" అన్నారు.

దీవెనమ్మ వచ్చి చీర విప్పి, మచ్చలున్న చోటల్లా వేలితో తడిమి చూసింది. ముఖం వెలిగింది. తర్వాత అంచు మూల తిప్పింది. అక్కడ వేలు ఆగింది.

మూడు గీతలు. కింద చుక్క.

చీర వచ్చిన రోజే పెట్టేశాను. ఊరు పేరు విన్నాను, చేయి దానంతటదే పోయింది. పెట్టినట్టు నాకు గుర్తు కూడా లేదు.

"ఈ చుక్క ఏంది అన్నా?"

"గుర్తమ్మా. బట్టలు కలిసిపోకుండా."

"గీతలు గుర్తు. నేనడిగేది చుక్క." ఆమె గొంతు పెరగలేదు. "మా ఆసుపత్రిలో నలుగురికి మెడ వెనక పొక్కులు వచ్చినాయి. డాక్టరు గారు ఉక్కపోత అన్నాడు. ఉక్కపోతైతే అందరికీ రావాల కదా. కాలర్లు తిప్పి చూసినా. కొత్తగా జీడి పెట్టిన చోటే పొక్కింది. ఆ పని మీద అందరి బట్టలూ తిప్పి చూసినా అన్నా, పెద్ద డాక్టరు కోటు నించి ఆయా కోకల దాకా. కొన్నిటికి చుక్కుంది, కొన్నిటికి లేదు. చుక్కున్నోళ్లం యాడోళ్లమో రాసుకున్నా. ఒక్కటి కూడా తప్పు పోలేదు."

నాలుగు కాలర్లు చూసి, ఊహ చేసి, పరీక్షించి, తేల్చుకుంది. హేతువాదం గురించి నేను సభల్లో చెప్పినదంతా ఆమె చేసి చూపించింది. నా పనితనం మీద చేసి చూపించింది.

"మిగతావన్నీ పోనీ. ఉద్యోగం బట్టలు. ఇది మా అమ్మ చీర. ఇది కట్టుకుని గుళ్లో నిలబడాల నేను. తీసెయ్యండి."

రెండు రోజులు గడువు అడిగాను.

ఆ రెండు రోజులూ నాకు తెలిసినవన్నీ వేశాను. పెట్రోలు, నిమ్మరసం, చివరికి చిక్కటి బ్లీచింగ్ పౌడరు నీళ్లు. చుట్టూ నూలు పలచబడి వలలా తయారైంది. మధ్యలో చుక్క మొదటి రోజు ఎలా ఉందో అలాగే ఉంది.

కత్తెర

ఆమె వచ్చేసరికి దుకాణంలో ఇద్దరు ముగ్గురు గిరాకీలున్నారు. సుబ్బరామయ్య గారు లోపల చిట్టాలు చూసుకుంటున్నారు. నేను చీర మూల చూపించి తల దించుకున్నాను.

"పోదమ్మా. ఇది పోయేది కాదు."

"పెట్టేటప్పుడు తెలుసు కదా పోదని."

"తెలుసు."

ఆమె ఎంతో మామూలుగా, జ్వరానికి మాత్ర చెప్పినట్టు చెప్పింది.

"పోకపోతే ఒక పని చెయ్యండన్నా. అందరి బట్టలకీ పెట్టండి. డాక్టరుకీ, వకీలుకీ, ఓనరుకీ. అందరికీ ఉంటే అది ఉత్త చుక్కే కదా. నేను ఇట్టనే కట్టుకుంటా."

అంత తేలికైన మార్గం ఎనిమిదేళ్లలో నాకు తోచలేదు. ఒక్క జీడిగింజ, ఒక్క పూట పని. తర్వాత ఎవరు ఎంత మొత్తుకున్నా తీయలేరు. ఆ మరక బలం నాకంటే బాగా తెలిసినవాడు నెల్లూరులో లేడు.

"ఓనరు ఒప్పుకోరమ్మా."

"పోనీ మీ చొక్కాకి పెట్టుకోండి. అది ఓనరుది కాదు కదా."

ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని ఉన్నాను. ఆ సాయంత్రం పఠనాలయంలో సభ ఉంది, అంటరానితనం మీద నేనే ప్రధాన వక్తను. జీడిగింజ బల్ల మీద ఉంది, సూది పక్కనే ఉంది. గిరాకీలు మా వైపు చూస్తున్నారు. నా నోటివెంట వచ్చిన మాట ఇది.

"జీడి పచ్చిగా ఉంటే మెడ పొక్కుతుందమ్మా."

ఆమె నా ముఖంలోకి చూసింది. నవ్వింది కూడా.

"మా మెడలు పొక్కలేదా అన్నా?"

బల్ల మీది కత్తెర తీసుకుంది. చీర మూల బొటనవేలంత కత్తిరించింది. ఆ ముక్కను జీడిగింజ పక్కన పెట్టి, చీర మడిచి సంచిలో వేసుకుని మెట్లు దిగిపోయింది. తుప్పు బాగా తీశానని దిగే ముందు ఒక మాట అంది. అది ఎత్తిపొడుపు కాదు. నిజంగానే అంది. అందుకే ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

సుబ్బరామయ్య గారు బయటికి వచ్చారు.

"ఏమంటాది ఆ నర్సమ్మ?"

"మరక గురించండీ" అన్నాను.

ఆ మూల మడిచి కుట్టుకుని, ఆ చీరలోనే ఆమె పెళ్లి చేసుకుందని ఆసుపత్రి బట్టలు తెచ్చే మనిషి తర్వాత చెప్పాడు. ఆసుపత్రి బట్టలు ఇంకో రెండు నెలలే వచ్చాయి. తర్వాత నర్సులు వేరే ఏర్పాటు చేసుకున్నారట.

నేను ఆ దుకాణంలో చుక్కలు పెడుతూనే ఉన్నాను. అరవైలు ముగిసే వేళకు కాగితం చీటీలు వచ్చాయి. జీడిగింజలు మూలన పడ్డాయి, రెండో తొట్టిలో నీలిమందు కలుపుకున్నాం. చుక్క పోయింది. నేను పోగొట్టలేదు. ఎవరూ పోగొట్టలేదు. చీటీ చవకని మానేశారు, అంతే. దురాచారాలు కొన్ని ఇలా పోతాయి, సంస్కర్తలు నిద్ర లేవకముందే. అప్పుడు మనం వేదికెక్కి అది మన విజయమంటాం. నేనూ అన్నాను.

ఈ పనిలోకి వచ్చే పిల్లలకు చెప్పవలసింది ఇంతే. మరకలు తీయడం కష్టం కాదు. ఏ మరక మన చేతితో వేస్తున్నామో చూసుకోవడం కష్టం. మీ దుకాణాల్లో జీడి ఉండదు. ఇంకేదో ఉంటుంది. అలవాటుగా చేయి దానంతటదే పోయే చోటు ఒకటి తప్పకుండా ఉంటుంది. ఎవరో వచ్చి వేలు పెట్టి చూపిస్తారు. చూపించినప్పుడు గడువు అడగకండి.

ఆ సాయంత్రం సభకు వెళ్లాను. గంటసేపు మాట్లాడాను. చప్పట్లు బాగా పడ్డాయి. సభ అయ్యాక ఒక పెద్దమనిషి నా భుజం మీద చేయి వేసి, మీ మాటలే కాదు, మీ చొక్కా కూడా ఎంత తెల్లగా ఉందండీ అన్నాడు. ఇంట్లో ఉతుక్కున్నదని చెప్పాను. అది నిజమే. కాలరు తిప్పి చూసినా ఎక్కడా ఏ గుర్తూ లేదు.